మా ఇంటి ఖజానాలో ఎలకలు

సాయంకాలం పూట మా ఇంటి సంచులు ఇప్పుడు తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తున్నాయి. కూరలు తెచ్చినవాళ్ళు కూరలు గుమ్మరించి పోతున్నారు. పళ్ళు తెచ్చినవాళ్ళు పళ్ళెంలో పెట్టి పోతున్నారు. గుమ్మంలో ఎవరూ ఆపడం లేదు, సంచి మూతి విప్పమనడం లేదు. నేను కాపురానికి వచ్చాక డజను అరటిపళ్ళు డజనుగానే మా వంటింటి మొహం చూడడం ఇదే మొదలు.

ఎందుకంటే మా ఆయనకి ఒకే ఒక్క తెగులు ఉండేది. గడప దాటి ఇంట్లోకొచ్చే ప్రతి వస్తువు మీదా దిగుమతి సుంకం వసూలు చేసేవారు. తాగుడు లేదు, పేకాట లేదు, గొంతెత్తి అరవడం లేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నన్ను చూసి అదృష్టవంతురాలివి అనేవాళ్ళు. చేతిలో సంచితో మా ఇంటికి ఎప్పుడూ రాలేదు కాబట్టి అలా అన్నారు.

ఆయనకి రేవులో, కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఓడల్లోంచి దిగే పెట్టెల మీద ఎంత సుంకం పడుతుందో చూసే పని. పగలంతా దేశం గుమ్మంలో కూర్చునేవారు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పేము కుర్చీ లాక్కుని మా గుమ్మంలో కూర్చునేవారు. ఆయనకి రెండూ ఒకటే ఉద్యోగం. ఒకదానికి జీతం ఇచ్చేవాళ్ళు, ఒకదానికి తిట్లు.

మాది పెద్ద ఇల్లే. కాపురాలు రెండున్నర. మేమిద్దరం ఒకటి. నడిపి మరిది, అతని పెళ్ళాం, వాళ్ళ పాప ఒకటి. ఇంకా పెళ్ళికాని చిన్న మరిది ఆ సగం. అందరి మీదా అత్తగారు. పెరటి వైపు ఇంకో గుమ్మం ఉండేది గానీ, నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆయన దానికి గొళ్ళెం పెట్టి, బియ్యం డబ్బా అడ్డం జరిపేశారు. రేవులు రెండుంటే కాపలా కష్టమట.

అసలు ఈ సుంకం ఎందుకండీ అని అప్పట్లోనే అడిగాను. నేను ఐదో తరగతి దాటనిదాన్ని, అడగడానికి నాకు సిగ్గేం లేదు. నన్ను ఇన్నాళ్ళకి ఒక మనిషి అడిగిందన్నట్టు ఎంతో సంతోషపడిపోయి చెప్పారు. ఏ ప్రభుత్వానికైనా ఖర్చులుంటాయి. ఇంటింటికీ పోయి నీ సంపాదన ఎంతరా అంటే ఎవడూ నిజం చెప్పడు. పొలాలు కొలవాలన్నా, కొట్లు సోదా చెయ్యాలన్నా బోలెడు మంది నౌకర్లు కావాలి. అదే రేవులో కూర్చుంటే సరుకు దానంతట అదే మన దగ్గరికి వస్తుంది. ఒక గుమ్మం, ఒక తక్కెడ, ఒక మనిషి ఉంటే చాలు. సరుకు తెప్పించిన వర్తకుడు సుంకం కట్టి, దాన్ని ధరలో కలిపేస్తాడు. కొనుక్కున్నవాడికి కట్టిన సంగతి కూడా తెలీదు. వేరే ఏ దారీ లేని ప్రభుత్వాలు ఎన్నో ఈ గుమ్మం రాబడి మీదే బతికాయట.

“మరి ఆ వచ్చిందంతా ఏం చేస్తారు?” అన్నాను.

“ఖజానాలో వేస్తాం.”

“వేసి?”

“ఖజానాలో పడ్డాక దానికి పేరుండదు. ఎవడు కట్టాడో ఎవడికీ గుర్తుండదు. దాని అందమే అది,” అన్నారు.

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి ఆయన పోవలసి వచ్చింది.

మా ఖజానా నడవ గోడలో ఉన్న అలమర. ఒకప్పుడు అక్కడ కిటికీ ఉండేదట, నడవలోంచి నడిపి మరిది గదిలోకి. మామగారి రోజుల్లో దానికి అవతలి వైపు చెక్క కొట్టి, ఇవతలి వైపు తలుపులు పెట్టించి అలమర చేశారు. మా ఆయన దానికో తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకునేవారు.

రేట్లన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. డజను పళ్ళకి ఒక పండు. పంచదార పొట్లానికి ఒక గరిటె. సబ్బులు మూడు తెస్తే ఒకటి. ముక్కలు చెయ్యడానికి వీల్లేని సరుకు వచ్చినప్పుడే చూడాలి ఆయన తెలివి. కొత్త చెప్పులకి అట్టపెట్టె సుంకం. కొత్త చొక్కాకి, లోపల కుట్టి ఉంటుందే, ఆ అదనపు గుండీ. గొడుగు కొంటే మొదటి వానకి అది ప్రభుత్వానిది. మా చిన్న మరిది మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసేవాడు, కొంచెం సోకులరాయుడు. ఒకసారి సెంటు సీసా తెచ్చాడు. విలాస వస్తువు కాబట్టి రేటు ఎక్కువన్నారు. చివరికి రోజూ రెండు పిచికారీలకి ఒప్పందం కుదిరింది. ఆ వారమంతా ఆయన ఆఫీసుకి పెళ్ళికొడుకులా ఘుమఘుమలాడుతూ వెళ్ళారు. తోటి గుమాస్తాలు నా గురించి ఏమనుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మా తమ్ముడు మొదటిసారి మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు పాపం. ఏం తెచ్చావ్, ఎక్కణ్ణించి తెచ్చావ్, సొంత వాడకానికా, పంచడానికా అని ఆయన అడుగుతుంటే బావ సరసమాడుతున్నాడనుకుని ఒకటే నవ్వు. పొట్లంలో మూడోవంతు ఖజానాకి వెళ్ళిపోయాక నవ్వు ఆగిపోయింది. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, “అక్కా, బావ ఒంట్లో బాగానే ఉంటోందా?” అన్నాడు. మళ్ళీసారి చేతులూపుకుంటూ వచ్చాడు. ఆయన వాడి ఖాళీ చేతులవంక చాలాసేపు చూసి, రేటు మరీ ఎక్కువైతే వర్తకమే ఆగిపోతుంది, తప్పు మనదే అని ఒప్పుకుని, ఆ పూటే మిఠాయిల మీద సుంకం సగానికి సగం తగ్గించారు.

ఇంట్లో తయారైన వాటికి మాత్రం సుంకం లేదు. నేను కుట్టిన జాకెట్టుకీ, దిండుగలీబులకీ దారి ఇవ్వండి అన్నట్టు లేచి నిలబడేవారు. అత్తగారికి ఇది చూస్తే ఒళ్ళు మంట. కొడుకుని మాటతో లొంగదీయలేక ఆవిడ ప్రతీకారం మొదలుపెట్టారు. పొద్దున్నే ఆయనకి కాఫీ ఇచ్చేముందు, ఆయన కళ్ళెదుటే, గ్లాసులోంచి రెండు గుక్కలు తాగి ఇచ్చేవారు.

“ఇదేంటమ్మా?”

“వంటింటి సుంకం, నాయనా. గడప నీదైతే పొయ్యి నాది.”

ఆయన గ్లాసు అందుకున్నారు. ఎదుటి దేశానికీ హక్కుంటుందట. ఆ రోజు నుంచీ ముప్పాతిక గ్లాసు కాఫీయే తాగారు.

ఇలా నవ్వుకుంటూ తిట్టుకుంటూ రోజులు వెళ్ళిపోతుంటే, నడిపి మరిది పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడింది. అతను అక్కడ ఫోర్‌మన్. చేతులకి సిరా మరక పోకముందే ఉద్యోగం పోయింది. తిండికి లోటేం లేదు, ఉమ్మడి వంట. కానీ మనిషి బతకడానికి తిండి ఒక్కటే చాలదు. సబ్బుంటుంది, తలనూనె ఉంటుంది, పిల్ల పెన్సిళ్ళుంటాయి. వాటిని ఎవరిని అడుగుతారు?

మా నడిపి మరిదికి రోషం ఎక్కువ. ఒకరోజు నడవలో ఆయన జేబులోంచి ఏదో తీసి ఇవ్వబోతే, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“అన్నయ్యా, ఇంకోసారి ఇలా ఇచ్చావంటే పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని వెళ్ళిపోతాను. ఎక్కడికని అడక్కు.”

ఎక్కడికో అతనికే తెలీదు. కానీ అన్నాడంటే వెళ్ళే మనిషే. అత్తగారు ఆ రోజంతా అతని చెప్పుల మీద ఓ కన్నేసి కూర్చున్నారు. ఆయన మాత్రం పేము కుర్చీలోకి పోయారు.

మర్నాడు సుంకాలు పెరిగాయి. మామూలుగా కాదు, దేశం మీద యుద్ధం వచ్చినట్టు పెరిగాయి. సబ్బులు రెండు తెస్తే ఒకటి. పళ్ళలో సగం. నూనె సీసాకి చిన్న సీసాడు. ప్రభుత్వానికి ఇంత ఖర్చేం వచ్చిపడిందని చిన్న మరిది దెబ్బలాడితే, లోటు బడ్జెట్టురా అన్నారు.

చిన్న మరిది దొంగరవాణాకి దిగాడు. బిస్కట్లు సాక్సుల్లో పెట్టుకుని వచ్చాడు, అవి లోపలికి వచ్చేసరికి పిండి. అరటిపళ్ళు వీధి చివరే తినేసి వచ్చేవాడు. ఆయన వాసన పట్టి, నోట్లో ఉన్నది డిక్లేర్ చెయ్యమనేవారు. అతను నోరు మూసుకుని తల అడ్డంగా ఊపేవాడు. ఇలా వారం గడిచేసరికి పళ్ళ రాబడి మొత్తం పడిపోయింది. ఆయన దిగులుగా, రేటు పెంచితే రాబడి పెరుగుతుందనుకోవడం మా ఆఫీసులో పెద్దవాళ్ళు కూడా చేసే పొరపాటే అని చెప్పి, పళ్ళ మీద కొంచెం తగ్గించారు. పాపం అందరికన్నా ఎక్కువ సుంకం కట్టినవాడు ఎవరనుకున్నారు? ఆయనే.

అది చూడవలసిన వేడుక. ఆఫీసు నుంచి వస్తూ సంచి తెచ్చి, గడప బయట నిలబడేవారు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, ఏం తెచ్చావ్ అని అడిగేవారు. మళ్ళీ బయటికి వెళ్ళి, మామూలు సరుకేనండీ అని జవాబు చెప్పేవారు. లోపలికి వచ్చి సంచి వెతికితే అందులో రెండు రిబ్బన్లు, ఒక పెన్సిళ్ళ పెట్టె బయటపడేవి.

“తప్పు డిక్లరేషను. మొత్తం జప్తు,” అని తనని తానే కోప్పడి, అన్నీ తీసుకెళ్ళి ఖజానాలో పడేసేవారు.

ఇంట్లో వాళ్ళందరం పగలబడి నవ్వేవాళ్ళం. నడిపి మరిది కూడా నవ్వాడు. ప్రెస్సు మూతపడ్డాక అతను నవ్వడం అప్పుడే చూశాను.

ఇదంతా ఒక ఎత్తు, ఖజానా ఒక ఎత్తు. ఎంత వేసినా అది నిండేది కాదు. ఒకరోజు అత్తగారు నిలదీసి తలుపు తెరిపించారు. లోపల రెండు గుండీలు, ఒక చెప్పుల పెట్టె తప్ప ఏం లేదు. ఇన్నాళ్ళ సరుకు ఏమైందిరా అన్నారు.

“ఎలకలమ్మా,” అన్నారు ఆయన.

“ఎలక సబ్బు తింటుందా?”

“అవసరం వస్తే తింటుంది.”

“మూత తిప్పి తలనూనె తాగుతుందా?”

“ఖజానా ఎలకలు వేరమ్మా. ఎలకలు లేని ఖజానా ఏ దేశంలో ఉంది చెప్పు?”

ఆయనే దొంగచాటుగా తినేస్తున్నారని అందరం తేల్చేశాం. పళ్ళ సంగతి కనిపెట్టడానికి, మాట్లాడే వంకతో నేను ఆయన నోటి దగ్గర వాసన కూడా చూశాను. కాఫీ వాసన తప్ప ఏం రాలేదు, అదీ ముప్పాతిక గ్లాసుదే.

చిన్న మరిదికి పంతం పట్టింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు వంకెకి తగిలించిన చొక్కాలోంచి తాళంచెవి తీసి, ఖజానాలో ఎలకల బోను పెట్టి, ఏం ఎరగనట్టు తాళం వేసేశాడు. ఆ మధ్యాహ్నం టప్పుమని చప్పుడైంది. సాయంత్రం ఉత్సాహంగా చూస్తే బోను మూసుకుని ఉంది గానీ లోపల ఎలక లేదు. అదే పూట నడిపి తోడికోడలు వేలికి గుడ్డ చుట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఏమైందే అంటే, ట్రంకుపెట్టె మూత పడిందక్కా అంది.

ఆయన ఆ వేలివంక చూశారు, బోనువంక చూశారు. గొంతెత్తని మనిషి ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. ఖజానా జోలికి వస్తే సొంత తమ్ముడని కూడా చూడనన్నారు. బోను తీసుకెళ్ళి వీధిలో గిరాటేసి వచ్చి, ఇక మీదట ఎలకల బోనుల దిగుమతి పూర్తిగా నిషేధమని ప్రకటించారు. పదివేళ్ళూ బాగున్న మేమంతా నోరెళ్ళబెట్టి చూశాం. ఒక్కరికీ వెలగలేదు. అంతమందిమి ఉన్నాం, ఏం లాభం?

కొన్నాళ్ళకి నడిపి మరిదికి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికింది. అతను ఇల్లు వదిలి వెళ్ళలేదు, చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నచోటే ఉన్నాయి. మొదటి జీతం వచ్చిన వారంలో సుంకాలన్నీ పాత రేట్లకి దిగాయి. ఎలకలు ఏమయ్యాయిరా అని అత్తగారు అడిగితే, వాటికి ఉద్యోగాలు దొరికాయమ్మా అన్నారు. మేం మళ్ళీ నవ్వాం.

ఈ మధ్యే, ఆయన గుండెకి జబ్బు చేసింది. డాక్టరు మందుల సంచితో గుమ్మంలోకి రాగానే మంచం మీంచే చెయ్యెత్తారు. “ప్రాణావసర సరుకులకి మినహాయింపు. రానివ్వండి,” అన్నారు. అత్తగారు కొడుకు జబ్బుమనిషని గ్లాసు నిండా కాఫీ తెచ్చి ఇస్తే, గ్లాసులోకి చూసి, “నీ సుంకం తీసుకోలేదేం అమ్మా?” అన్నారు. ఆవిడ రెండు గుక్కలు తాగి ఇచ్చారు. తాగుతున్నంతసేపూ గోడవైపు తిరిగి ఉన్నారు.

ఆయన పోయారు. కుర్చీ గుమ్మంలోనే ఉంది. తీసేద్దామని ఎవరూ అనలేదు, కూర్చుంటానని కూడా ఎవరూ అనలేదు.

నా పింఛను కాగితాలు ఆయన ఆఫీసులోనే ఎక్కడో ఆగిపోయాయి. జీవితమంతా ఎవరెవరి సరుకో విడుదల చేసిన మనిషి పెళ్ళాం కాగితాలకి ఏదో సంతకం తక్కువైందట. తిండికి లోటు లేదు, ఉమ్మడి వంట. కానీ సబ్బు అరిగి ఆకంత పల్చగా అయింది. తలనూనె సీసా బోర్లించి పెట్టుకుంటున్నాను. మరుదులిద్దరూ బంగారంలాంటి వాళ్ళు, అడిగితే కాదనరు. కానీ ఎప్పుడూ మా ఆయన్ని తప్ప ఇంకో మనిషిని అడిగి ఎరగని నోరు, రావద్దూ? ఒకసారి చిన్న మరిది ఏమైనా కావాలా వదినా అని అడిగితే, నాకేం కావాలయ్యా, అన్నీ ఉన్నాయి అన్నాను. ఆ రాత్రి పుట్టింటికి పోదామా అని కూడా అనుకున్నాను. తమ్ముడు రమ్మంటూనే ఉన్నాడు. ఇక్కడ ఆయన కుర్చీ ఉంది, అక్కడ ఏముంది?

మొన్న మధ్యాహ్నం ఖజానా దులుపుదామని తాళం తీశాను. లోపల కొత్త సబ్బు, తలనూనె సీసా, ఆరు అరటిపళ్ళు ఉన్నాయి.

ఆయన పోయాక ఆ తాళం తీసింది నేనే. తాళంచెవి నా కొంగుకే ఉంది. ఎవరో ఎలాగో పొరపాటున పెట్టారనుకుని, ముట్టుకోకుండా తలుపు మూసేశాను. మర్నాడు మనసాగక మళ్ళీ తీశాను. అన్నీ అలాగే ఉన్నాయి, పళ్ళు మాత్రం కొంచెం మెత్తబడ్డాయి. చూస్తుండగానే అవతలి వైపు చెక్క మీద ఎవరో మెల్లగా రెండుసార్లు తట్టారు.

“ఎలకలు మొహమాటపడితే ఖజానా కుళ్ళిపోతుందక్కా,” అంది నడిపి తోడికోడలి గొంతు.

వెనక చెక్క కిర్రుమని పక్కకి జరిగింది. దానికి మేకుల్లేవు. ఆ సందులోంచి ముందు దాని చెయ్యి కనిపించింది. వేలి మీద పాత మచ్చ ఉంది.

“ఆ మాట నాది కాదు, బావగారిది,” అంది. ప్రెస్సు మూతపడిన కొత్తలో ఒకరోజు బట్టలు సర్దుతుంటే చెక్క వదులై జరిగిందట. లోపల సబ్బు, రిబ్బన్లు కనిపించాయట. భయపడి అలాగే మూసేసిందట. మర్నాడు ఇవతలి నుంచి రెండుసార్లు తట్టి, ఆయన ఎవరితోనూ కానట్టు గోడతో ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయారట. అంతే, తరవాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదట. ఎదురుపడితే పాప రిబ్బన్లు బాగున్నాయే అని కూడా అనేవారు కాదట.

“మీ ఆయనకి తెలుసా?” అన్నాను.

“అప్పుడా? తలనూనె ఎక్కణ్ణించి వస్తుందో మగాళ్ళకి ఎప్పుడు తెలుసక్కా? సీసాలో ఉంటుందనుకుంటారు.”

“మరి ఇప్పుడు ఈ సబ్బు?”

“మా ఆయనే తెచ్చారు. గుమ్మంలో ఆగి, కుర్చీ దగ్గర సంచి విప్పి, రెండు సబ్బుల్లో ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నేనేం అడగలేదు, ఆయనేం చెప్పలేదు.”

పళ్ళు ఇంకా మెత్తబడితే పాడైపోతాయి కదా అని నేను ఒకటి ఒలుచుకున్నాను. సందులోంచి దానికీ సగం ఇచ్చాను. గోడకి అటూ ఇటూ నిలబడి ఇద్దరం తిన్నాం. అది నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

ఇవాళ చిన్న మరిది ఆఫీసుకి వెళ్ళబోతూ, ఖజానాలో మళ్ళీ చప్పుళ్ళు వినిపిస్తున్నాయి వదినా అన్నాడు. అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడు కాదు గానీ అంటూ కొత్త ఎలకల బోను తెచ్చి నా చేతిలో పెట్టాడు, ఎరకి కొబ్బరి ముక్క కూడా తెచ్చాడు. సాయంత్రం లోపల తప్పకుండా పెట్టెయ్, మర్చిపోకు అన్నాడు. సరేనయ్యా అన్నాను.

నేనేం మర్చిపోలేదు. సాయంత్రం అవుతోంది. బోను నిషిద్ధ సరుకు కాబట్టి గడప బయట, కుర్చీ పక్కన పడి ఉంది. కొబ్బరి ముక్క నేను తినేశాను.